పద్దెనిమిది నిండాక ఎస్ఎస్ఐ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలోని తెలుగు ఇళ్ల నుంచి ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. వైకల్యం ఉన్న పిల్లలకు 18 నిండగానే ఆదాయం, ఆస్తి తక్కువున్నవారికి సోషల్ సెక్యూరిటీ ఆఫీసు నెలనెలా ఇచ్చే ఎస్ఎస్ఐ (సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్) ఏమవుతుంది, పిల్లలు ఉద్యోగంలో చేరితే ఉంటుందా ఊడుతుందా అన్నదే ఆ విషయం. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. కింది అంకెలు 2026 సంవత్సరానివి. వీటిలో చాలావరకు ఏటా జనవరిలో మారతాయి. ఆస్తి పరిమితి, అంటే 2,000 డాలర్లు, మాత్రం 1989 నుంచి కదల్లేదు.

మా అబ్బాయికి ఆటిజం. వచ్చే మార్చిలో 18 నిండుతాయి. మేమిద్దరం ఉద్యోగస్తులం. వాడికి ఆరేళ్లప్పుడు ఎస్ఎస్ఐకి పెడితే కాదన్నారు. మళ్లీ పెట్టి లాభముందా?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

ఉందమ్మా. అప్పట్లో వాళ్లు కాదన్నది మీ జీతాలు చూసి. 18 లోపు పిల్లలకు తల్లిదండ్రుల ఆదాయం, ఆస్తి కూడా పిల్లల లెక్కలో కలుపుతారు. 18 నిండిన నెల దాటిందంటే ఆ కలపడం ఆగిపోతుంది. ఇక మీ జీతాలు, మీ ఇల్లు, మీ 401కె ఎవరూ అడగరు. అబ్బాయి పేరిట ఏముంది, వాడికి ఏం వస్తోంది, అంతే.

తారీఖు దగ్గర జాగ్రత్త. దరఖాస్తు పెట్టిన నెలకు డబ్బు రాదు, మర్నెల నుంచే లెక్క మొదలు. వెనకటి నెలలకు అడిగినా ఇవ్వరు. అపాయింట్‌మెంట్లు వారాల తరబడి దొరకవు కాబట్టి 18 నిండగానే 1-800-772-1213కి ఫోన్ చేసి, దరఖాస్తు పెట్టే ఉద్దేశం ఉందని చెప్పి ఆ రోజు తేదీ నమోదు చేయించండి. తర్వాత ఆఫీసు నోటీసు పంపుతుంది. ఆ నోటీసు మీదున్న తేదీ నుంచి 60 రోజుల్లో దరఖాస్తు పూర్తిచేస్తే మీరు ఫోన్ చేసిన రోజే దరఖాస్తు తేదీ అవుతుంది.

ఈలోగా వాడి పేరిట ఉన్న ఖాతాలన్నీ ఒకచోట రాసుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారేసరికి మొత్తం 2,000 డాలర్లు దాటకూడదు. పుట్టినరోజులకు వచ్చిన చెక్కులు, అమ్మమ్మ వేసిన ఫిక్సెడ్ డిపాజిట్, అక్కతో జాయింటుగా ఉన్న ఖాతా, అన్నీ లెక్కే. యుటిఎంఏ ఖాతా (మైనరు కోసం పెద్దలు నడిపే ఖాతా) ఉంటే అది పిల్లాడి చేతికి ఏ వయసులో వస్తుందో మీ రాష్ట్ర చట్టంలో చూసుకోండి, ఆ వయసు రాగానే అది వాడి ఆస్తి. మీ పేరిట తెరిచిన 529 చదువు ఖాతా మాత్రం మీదే.

ఇక వైద్యం సంగతి. పెద్దల కొలత వేరు: వైకల్యం వల్ల కనీసం 12 నెలలపాటు చెప్పుకోదగ్గ ఉద్యోగం చేయలేకపోవాలి. ఇది తేల్చేది రాష్ట్రంలోని డీడీఎస్ ఆఫీసు. వాళ్లకు డయాగ్నోసిస్ కాగితం ఒక్కటే చాలదు. ఈమధ్య చేయించిన సైకాలజిస్టు రిపోర్టు (ఐక్యూతో పాటు రోజువారీ పనులు కొలిచే వైన్‌ల్యాండ్ లాంటి పరీక్ష ఉండాలి), చివరి రెండు మూడేళ్ల ఐఈపీలు (ప్రత్యేక విద్య కోసం స్కూలు రాసే వ్యక్తిగత ప్రణాళికలు), చూసే డాక్టర్లందరి చిరునామాలు, మందుల జాబితా సిద్ధంగా ఉంచండి. చిన్నప్పటి రిపోర్టు మీదే ఆధారపడితే డీడీఎస్ తన ఖర్చుతో వేరే డాక్టరు దగ్గరికి పంపుతుంది. ఆయన కాసేపు చూసి రాసే రెండు పేజీల మీద మీ కేసు నడవడం మంచిది కాదు.

మన ఇళ్లలో కేసులు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ఫంక్షన్ రిపోర్టు దగ్గర. ఎస్ఎస్ఏ-3373 అనే ఫారం అది. పొద్దున్న లేచింది మొదలు ఏమేం చేస్తాడో అడుగుతుంది. బిడ్డను తక్కువ చేసి రాయడానికి మన చేతులు రావు. "వంట చేసుకోగలడా?" అని ఉంటే "చేసుకుంటాడు" అని రాసేస్తాం. అసలు జరిగేది ఇది: ఇడ్లీలు మైక్రోవేవ్‌లో పెడతాడు. ఎన్ని సెకన్లు నొక్కాలో తలుపు మీద స్టిక్కర్ అంటించి ఉంటుంది. గిన్నెలో స్టీలు స్పూను ఉండిపోయినా గమనించడు. అందుకని ఎప్పుడూ ఒకరు పక్కన నిలబడతారు. ఫారంలో రాయాల్సింది ఈ నాలుగు ముక్కలే. ఎన్నిసార్లు చెప్పాలి, ఎవరు పక్కనుండాలి, చెప్పకపోతే ఏం జరుగుతుంది, ఈ మూడూ ప్రతి జవాబులో ఉండాలి. స్నానానికి కూడా, బస్సుకి కూడా.

మా పాప హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడు 16. సెరెబ్రల్ పాల్సీ ఉంది. మాకు రెండేళ్ల కిందట గ్రీన్ కార్డు వచ్చింది. తనకు ఎస్ఎస్ఐ వస్తుందా? హెచ్-4లో ఉన్న మా స్నేహితుల బాబు సంగతేంటి?
— ఎడిసన్, న్యూజెర్సీ

హెచ్-4లో ఉన్న బాబుకు రాదు. ఆ బాబు అమెరికాలో పుట్టి ఉంటే పౌరుడే, అప్పుడు తల్లిదండ్రులది ఏ వీసా అన్నది తన అర్హతకు అడ్డం కాదు.

మీ పాపది మధ్య దారి. 1996 ఆగస్టు 22 తర్వాత వచ్చిన గ్రీన్ కార్డుదారులకు రెండు షరతులు. గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు నిండాలి, 40 క్వార్టర్ల పని ఉండాలి. పాపకు పని ఎక్కడిదనుకోకండి. తనకు 18 నిండేలోపు తల్లిదండ్రులు చేసిన క్వార్టర్లు తన ఖాతాలో కలుపుతారు. 2026లో 1,890 డాలర్ల సంపాదనకు ఒక క్వార్టర్, ఏడాదికి నాలుగే. ఇద్దరూ ఉద్యోగం చేస్తే అయిదేళ్లకే 40 అవుతాయి. సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టిన హెచ్-1బీ ఏళ్లూ లెక్కే. కాబట్టి 40 మీకు సమస్య కాకపోవచ్చు, అయిదేళ్ల నిరీక్షణే సమస్య.

మీకు పౌరసత్వానికి గ్రీన్ కార్డు నుంచి సాధారణంగా అయిదేళ్లు పడుతుంది. అప్పటికి పాపకు 19. తనకు 18 నిండకముందే మీలో ఒకరు పౌరులై ఉంటే, గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉంటున్న బిడ్డ తనంత తానే పౌరురాలయ్యేది. చిన్నపిల్లలున్న మిగతా పాఠకులు ఈ ముక్క గుర్తుపెట్టుకుని, అర్హత రాగానే ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) పెట్టండి. పద్దెనిమిది దాటిన పిల్లలు సొంతంగా పెట్టాల్సి వస్తే ఇంగ్లిషు, చరిత్ర పరీక్ష నుంచి మినహాయింపుకు డాక్టరు నింపే ఎన్-648 ఫారం ఉంది.

మా వాడికి ఎస్ఎస్ఐ వచ్చింది, సంతోషం. కానీ నెలకు పూర్తి మొత్తం 994 రావాలి కదా, 662 డాలర్ల 67 సెంట్లే పడుతున్నాయి. పొరపాటా?
— ఆల్ఫరెట్టా, జార్జియా

పొరపాటు కాదు. మీ ఇంట్లో ఉంటూ, తిండి, నీడ మీ ఖర్చు మీదే నడుస్తున్నాయని రాసుకుని మూడో వంతు, అంటే 331.33, కోశారు. ఇంటర్వ్యూలో "ఇంటి ఖర్చులో వాటా ఇస్తాడా?" అని అడిగి ఉంటారు. "మా బిడ్డ దగ్గర మేం డబ్బు తీసుకుంటామా అండీ" అని మీరు అనే ఉంటారు!

అభిమానం పక్కనపెట్టి వాటా తీసుకోవడం మొదలుపెట్టండి. ఇంటి లోను కిస్తు లేదా అద్దె, ఆస్తి పన్ను, కరెంటు, గ్యాస్, నీళ్లు, చెత్త కలిపి ఇంట్లోవాళ్ల సంఖ్యతో భాగించాలి. 2024 సెప్టెంబరు 30 నుంచి తిండి ఈ లెక్కలోంచి తీసేశారు. ఉదాహరణకు నెలకు 2,400 అయి నలుగురుంటే వాడి వాటా 600. ఆ వాటా వాడి డబ్బులోంచి వాడే కడితే కోత ఉండదు. రెండో దారి అద్దె ఒప్పందం. అదే తేదీ నుంచి దేశమంతటికీ వర్తించిన నిబంధన ప్రకారం అద్దె కనీసం 351.33 (మూడో వంతు, దానిపై 20 డాలర్లు) ఉంటే ఆ అద్దెను సరైన అద్దెగానే ఒప్పుకుంటారు. ఒక పేజీ ఒప్పందం, తేదీ, సంతకాలు, ప్రతి నెలా వాడి ఖాతా నుంచి మీ ఖాతాకు కనిపించే బదిలీ, ఇవి ఉండాలి. నగదు చేతికిచ్చి "కట్టాడు" అంటే నిలవదు. ఆఫీసులో ఒకరు వాటా లెక్క అడుగుతారు, మరొకరు ఒప్పందం అడుగుతారు. రెండు కాగితాలూ ఫైల్లో ఉంచుకోండి.

దరఖాస్తు ఇంకా తేలనివాళ్లకో మాట. ఎస్ఎస్ఐ రాకముందు పిల్లాడు వాటా కట్టలేడు కదా. ఆ నెలల వాటాను అప్పుగా రాసుకోవచ్చు: "నీ వాటా మేం పెడుతున్నాం, డబ్బు వచ్చాక తీర్చాలి" అని మొదటి నెలలోనే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మంజూరయ్యాక పాత తేదీ వేసి రాసిన కాగితం కుదరదు. అప్పు నిజంగా తీర్చాలి కూడా.

ఏబుల్ ఖాతా (వైకల్యం ఉన్నవారి పేరిట తెరిచే ప్రత్యేక పొదుపు ఖాతా) కూడా తెరవండి. 2,000 పరిమితికి సరైన విరుగుడు అదే. అందులో లక్ష డాలర్ల దాకా ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు. ఏడాదికి మొత్తం 20,000 దాకా అమ్మానాన్నలు, మామయ్యలు, బాబాయిలు ఎవరైనా వేయొచ్చు. దాంట్లోంచి అద్దె కట్టినా ఆదాయంగా చూడరు. తీసిన నెలలోనే కట్టేయాలి, ఒకటో తారీఖు దాటి మామూలు ఖాతాలో ఉంటే ఆస్తి అయిపోతుంది.

మా అమ్మాయికి 20. కమ్యూనిటీ కాలేజీలో చదువుతూ ఒక కిరాణా స్టోర్లో సర్దే పని చేస్తానంటోంది. నెలకు 900 వస్తాయట. ఎస్ఎస్ఐ, మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) రెండూ పోతాయని బంధువులు భయపెడుతున్నారు. మానిపించాలా?
— ఇర్వింగ్, టెక్సస్

మానిపించొద్దు. ఈ 22 ఏళ్ల లోపు కాలమే పని నేర్చుకోవడానికి అన్నిటికన్నా చవకైన కాలం.

22 లోపుండి క్రమంగా చదువుతున్నవారికి విద్యార్థి సంపాదన మినహాయింపు ఉంది. కాలేజీలో వారానికి కనీసం 8 గంటల క్లాసులుండాలి. హైస్కూలు అయితే 12 గంటలు. ఈ మినహాయింపు కింద నెలకు 2,410, ఏడాదికి 9,730 డాలర్ల దాకా సంపాదన అసలు లెక్కపెట్టరు. వేసవి సెలవుల్లోనూ, మళ్లీ చదువుకు వెళ్లేదుంటే, వర్తిస్తుంది.

మీ అమ్మాయి జనవరి నుంచి నెలకు 900 చొప్పున తెస్తే పది నెలలకు 9,000. ఒక్క డాలరూ కోత లేదు. పదకొండో నెలలో మినహాయింపు ఇంకా 730 మిగిలింది. 900లో 730 పోను 170. అందులోంచి అందరికీ ఇచ్చే 85 (ఇరవై, అరవై అయిదు) తీసేస్తే 85. దానిలో సగం 42.50 మాత్రమే కోస్తారు. పన్నెండో నెలలో మినహాయింపు అయిపోయింది: 900లో 85 పోతే 815, సగం 407.50. 994 లోంచి అది తీసేస్తే 586.50 వస్తుంది. జీతంతో కలిపి 1,486.50. పని చేయకుండా కూర్చుంటే 994. మీ బంధువులకు ఈ రెండు అంకెలు చూపించండి.

22 నిండాక ప్రతి నెలా ఆ పన్నెండో నెల లెక్కే నడుస్తుంది. అప్పుడు పని కోసం పెట్టే వైకల్య సంబంధ ఖర్చు చూపించుకోవచ్చు. మామూలు బస్సు ఎక్కలేక ప్రత్యేక వాహనానికి నెలకు 120 పెడుతోందనుకోండి, 815లోంచి ముందు 120 తీసి, మిగిలిన 695లో సగం కోస్తారు. అంటే ఆ 120లో 60 తిరిగొచ్చినట్టే. రసీదులు దాచాలి. ఇతర ఆదాయం ఏమీ లేకపోతే నెలకు స్థూలంగా 2,073 దాకా సంపాదిస్తేనే ఎస్ఎస్ఐ సున్నా అవుతుంది. అప్పుడూ మెడికెయిడ్ వెంటనే పోదు. 1619(బి) అనే నిబంధన కింద, వైకల్యం ఉండి వైద్యానికి ఆ కార్డు అవసరమైతే, రాష్ట్రం పెట్టిన పరిమితి దాకా కొనసాగుతుంది. ఆస్తి 2,000 లోపే ఉండాలి సుమా. ఉద్యోగం పోతే అయిదేళ్లలోపు పూర్తి దరఖాస్తు లేకుండా తిరిగి తెరిపించే వీలుంది.

దెబ్బ తగిలేది మరోచోట, చెప్పకపోవడం దగ్గర. జీతం అందిన నెలకు మర్నెల 10వ తారీఖులోపు తెలియజేయాలి. ఫోన్ యాప్ ఉంది, ఆన్‌లైన్ ఖాతా ఉంది. చేతికొచ్చిన మొత్తం కాదు, పన్నులు కోయకముందు మొత్తం చెప్పాలి. రెండు వారాలకోసారి జీతమైతే ఏడాదిలో రెండు నెలల్లో మూడేసి చెక్కులు పడతాయి. ఆ నెలల్లో అంకె పెరిగి ఎస్ఎస్ఐ రెండు నెలల తర్వాత తగ్గుతుంది, కంగారుపడొద్దు. విద్యార్థి మినహాయింపు కూడా తనంత తాను పడదు. స్కూలు షెడ్యూలు కాగితం మీరే పంపి, "స్టూడెంట్ మినహాయింపు వేయండి" అని అడగాలి. అడగనివాళ్లకు ఏడాది తర్వాత "ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి" అని ఉత్తరం వస్తుంది. అలాంటిది వస్తే డబ్బు కట్టే ముందు లెక్కలో ఈ మినహాయింపు ఉందో లేదో చూడండి.

ఇంకా ఎస్ఎస్ఐ మంజూరు కానివాళ్లకు హెచ్చరిక: దరఖాస్తు సమయంలో జీతం నెలకు 1,690 దాటితే (చూపు లేనివారికి ఎస్ఎస్ఐలో ఈ పరిమితి వర్తించదు) "పని చేయగలరు" అని వైద్యం దాకా పోకుండానే కాదంటారు. అక్కడ విద్యార్థి మినహాయింపు పనికిరాదు. జాబ్ కోచ్ సాయంతో చేస్తున్నా, యజమాని దయతలచి తక్కువ పనికి ఎక్కువ ఇస్తున్నా, ఆ విలువ తీసేయమని యజమానితో రాయించి ఇవ్వొచ్చు.

మనవడు అమెరికాలో పుట్టాడు, డౌన్ సిండ్రోమ్. వాడికి జీవితాంతం ఆధారముండాలని మా అర ఎకరం పొలం వాడి పేర రిజిస్టర్ చేద్దామనుకుంటున్నాను. అబ్బాయి వద్దంటున్నాడు. ఎందుకో అర్థం కాదు.
— ఒక తాతగారు, తెనాలి

అయ్యా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. తెనాలి దగ్గర అర ఎకరం విలువ 2,000 డాలర్లను ఎన్నో రెట్లు దాటుతుంది. ఆస్తి ఏ దేశంలో ఉన్నా చెప్పి తీరాలి. వాడికి ఎస్ఎస్ఐ ఆగుతుంది, చాలా రాష్ట్రాల్లో దాంతోపాటు మెడికెయిడ్ కూడా. వాడి చికిత్సకూ, పెద్దయ్యాక సహాయకులకూ ఆ మెడికెయిడే దిక్కు, పొలం కౌలు దానికి చాలదు. పైగా అమెరికా పౌరుడికి వ్యవసాయ భూమి బహుమతిగా ఇవ్వడానికి మన ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం ఒప్పుకోదు, ఓసీఐ కార్డు ఉన్నా సరే. వారసత్వంగా మాత్రమే రావచ్చు.

చేయాల్సిందేమంటే, మీ అబ్బాయి అక్కడ స్పెషల్ నీడ్స్ ట్రస్టు (వైకల్యం ఉన్నవారి కోసం ఆస్తిని వేరొకరు చూసే ఏర్పాటు) రాయించాలి. అందులో మనవడి సొంత డబ్బు ఏదీ కలవకూడదు. మీరు పొలం అమ్మితే ఆ డబ్బు, లేదా వీలునామా ద్వారా ఇవ్వదలచింది, ఆ ట్రస్టుకు వెళ్లాలి. అలాంటి ట్రస్టులో మిగిలింది మనవడి తదనంతరం ప్రభుత్వానికి తిరిగి కట్టాల్సిన పని లేదు. మీ వీలునామాలో మనవడి పేరు నేరుగా రాయకండి. ఇక్కడి లాయరు, అక్కడి లాయరు ఒకసారి మాట్లాడుకుంటే మంచిది, భాగపంచుకోని పిత్రార్జితం ఉంటే మరీనూ.

ఇప్పటికే మనవడి పేర ఏదైనా రాసేశారా? తొందరపడి వెనక్కి రాయించకండి. దరఖాస్తుకు ముందు 36 నెలల్లో ఆస్తిని ఉచితంగా వదిలేసినా 36 నెలల దాకా అర్హత పోవచ్చు. న్యాయమైన ధరకు అమ్మి, ఆ డబ్బును వాడి సొంత డబ్బు కోసమే ఉండే వేరే రకం ట్రస్టులోకో, ఏబుల్ ఖాతాలోకో మళ్లించాలి. (ఈ రెండో రకం ట్రస్టులో మిగిలినదాంట్లోంచి మెడికెయిడ్ ఖర్చు తిరిగి కట్టాలి.)

బంగారం సంగతి కూడా అడిగారు. మనవడు మెళ్లో రోజూ వేసుకునే గొలుసు పర్వాలేదు. లాకర్లో వాడి పేర ఉన్న బిస్కెట్టు మాత్రం పెట్టుబడే.

వేసవికి ఆరు వారాలు విజయవాడ వెళ్దామనుకుంటున్నాం. చెప్పాలా?
— ఫీనిక్స్, ఆరిజోనా

చెప్పాలి. వరసగా 30 రోజులు, లేదా ఒక క్యాలెండరు నెలంతా దేశం బయట ఉంటే ఎస్ఎస్ఐ ఆగుతుంది. 30 రోజులు, అంతకు మించి బయటుంటే తిరిగొచ్చాక మళ్లీ వరసగా 30 రోజులు ఇక్కడ ఉంటేగానీ మొదలవదు. కాబట్టి ఆరు వారాల ప్రయాణం జేబుకు రెండు నెలలకు పైనే పడొచ్చు. నాలుగు వారాల్లో ముగించండి, ఫిబ్రవరి మొత్తం మింగేలా వెళ్లకండి. 28 రోజులే అయినా నెలంతా బయటున్నట్టే. పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాసులు దాచండి.

మా బాబు చిన్నప్పటి నుంచి ఎస్ఎస్ఐలో ఉన్నాడు. 18 దాటాక రివ్యూ చేసి "పెద్దల కొలత ప్రకారం వైకల్యం లేదు" అని ఉత్తరం పంపారు. స్కూల్లో ఇంకా ఐఈపీ నడుస్తోంది.
— కేరీ, నార్త్ కరోలినా

ఈ ఉత్తరం మీద తారీఖు చూసి ఇవాళే కదలండి. అప్పీలుకు 60 రోజులున్నాయి, కానీ అప్పీలు తేలేదాకా డబ్బు ఆగకుండా రావాలంటే ఉత్తరం అందిన 10 రోజుల్లో ఆ మాట రాసి అడగాలి. (పోస్టుకు అయిదు రోజులు కలిపి లెక్కిస్తారు.) చివరికి ఓడిపోతే ఆ నెలల డబ్బు తిరిగి అడగొచ్చు, అప్పుడు మాఫీకి వేరే ఫారం ఉంది.

ఇంతకన్నా ముఖ్యమైనది సెక్షన్ 301. 18 నుంచి 21 ఏళ్ల దాకా (22 నిండేలోపు) ఐఈపీ కింద చదువుతున్న విద్యార్థికి, ఆ చదువు వైకల్యం ముగిసిందన్న నెలకు ముందే మొదలై ఉంటే, వైకల్యం లేదన్నా కార్యక్రమం అయ్యేదాకా చెల్లింపులు కొనసాగించాలి. స్టేట్ వొకేషనల్ రిహాబిలిటేషన్ శిక్షణలో ఉన్నా వర్తిస్తుంది. అప్పీలు కాగితంతోపాటు ప్రస్తుత ఐఈపీ కాపీ జతచేసి "సెక్షన్ 301 కింద కూడా పరిశీలించండి" అని ఒక వాక్యం రాయండి. ఆఫీసువాళ్లు దాన్ని గుర్తుచేస్తారని ఎదురుచూడొద్దు. ఇంకోటి: మామూలు హైస్కూలు డిప్లొమా తీసుకుంటే స్కూలు బాధ్యత ముగిసి ఐఈపీ పోతుంది. పిల్లాడు స్టేజీ మీద నడవాలన్న ముచ్చటలో ఇది మరిచిపోతారు. వేడుకకు వెళ్లి, డిప్లొమా ఆపి ఉంచే పద్ధతి చాలా స్కూళ్లలో ఉంది, అడగండి.

నాకు 63. రిటైరవుదామనుకుంటున్నాను. మా అమ్మాయికి 21, మేధో వైకల్యం, ఎస్ఎస్ఐ వస్తోంది. నా రిటైర్‌మెంటుతో తనకేమైనా మారుతుందా? పెళ్లి సంబంధం కూడా ఒకటి వచ్చింది.
— శాన్ హోసే, కాలిఫోర్నియా

మారుతుంది, మేలే. 22 నిండకముందే మొదలైన వైకల్యమైతే, మీరు సోషల్ సెక్యూరిటీ పెన్షన్ తీసుకోవడం మొదలుపెట్టగానే మీ రికార్డు మీద అమ్మాయికి కూడా వస్తుంది. మీ పూర్తి పెన్షన్ మొత్తంలో సగం దాకా, మీ తదనంతరం ముప్పాతిక దాకా, కుటుంబం మొత్తానికి ఉన్న గరిష్ఠ పరిమితికి లోబడి. ఇందులో ఆస్తి పరిమితి లేదు. 24 నెలల తర్వాత మెడికేర్ (వృద్ధులకు, వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది. దీనివల్ల ఎస్ఎస్ఐ తగ్గవచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా. ఈ కారణంగానే ఎస్ఎస్ఐ పోయినవారికి మెడికెయిడ్ కొనసాగే రక్షణ ఉంది, కౌంటీ ఆఫీసులో ఆ పేరు చెప్పి అడగాలి: "డిజేబుల్డ్ అడల్ట్ చైల్డ్."

ఉద్యోగం విషయంలో మాత్రం దీని తీరు వేరు. ఎస్ఎస్ఐ మెల్లగా తగ్గుతుంది, ఇది అలా కాదు, పని చేసి చూసుకోవడానికి ఇచ్చే ట్రయల్ నెలలు అయిపోయాక 1,690 దాటితే పూర్తిగా ఆగుతుంది. ఇది మంజూరు కాకముందే, 22 తర్వాత ఆ పరిమితి దాటి నిలకడగా సంపాదిస్తే అసలు అర్హతకే ఎసరు రావచ్చు. గంటలు పెంచుకునే ముందు టికెట్ టు వర్క్ హెల్ప్‌లైనుకు (1-866-968-7842) ఫోన్ చేసి మీ ప్రాంతంలో ఉచితంగా లెక్క చెప్పే బెనిఫిట్స్ సలహాదారు ఎవరో కనుక్కోండి. అమ్మాయి రికార్డులు, స్కూలువి సహా, ఏవీ పారేయకండి. 22కు ముందే వైకల్యం ఉందని ఎప్పుడో నిరూపించాల్సి వస్తుంది.

పెళ్లి సంగతి చెప్పక తప్పదు. మీ రికార్డు మీద వచ్చేది పెళ్లితో సాధారణంగా ఆగిపోతుంది. అబ్బాయి కూడా ఇలాంటి సోషల్ సెక్యూరిటీ లబ్ధి పొందుతుంటే చాలాసార్లు ఆగదు. ఎస్ఎస్ఐలో అయితే భర్త జీతం తన లెక్కలో కలుస్తుంది. ఇద్దరూ ఎస్ఎస్ఐవాళ్లయితే జంటకు 1,491 మాత్రమే, ఇద్దరి ఆస్తి కలిపి 3,000. ముహూర్తం పెట్టుకునే ముందే అంకెలు చూసుకోండి.

బాబుకి 18 వచ్చాయి. మేం గార్డియన్‌షిప్ తీసుకోలేదు, పవర్ ఆఫ్ అటార్నీ రాయించాం. అది చాలా?
— చికాగో

బ్యాంకుకు, ఆసుపత్రికి పనికొస్తుంది. సోషల్ సెక్యూరిటీకి పనికిరాదు, వాళ్లు పవర్ ఆఫ్ అటార్నీని ఒప్పుకోరు. డబ్బు మీరు చూసుకోవాలంటే ఎస్ఎస్ఏ-11 ఫారంతో "రిప్రజెంటేటివ్ పేయీ"గా నమోదవ్వాలి. దానికి కోర్టు గార్డియన్‌షిప్ అక్కర్లేదు. ఖాతా పేరు బాబుదే ఉండాలి, మీరు పేయీగా దాని మీద ఉంటారు. మీ ఇంటి ఖాతాలో ఆ డబ్బు కలపకండి. బాబుతో కలిసి ఉన్న తల్లిదండ్రులకు వార్షిక లెక్కల ఫారం 2018 చట్టంతో తీసేశారు, కానీ అడిగినప్పుడు చూపించడానికి అద్దె, బట్టలు, మందులు దేనికెంత అయిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇల్లినాయిలో మెడికెయిడ్ దరఖాస్తు విడిగా పెట్టాలి, ఎస్ఎస్ఐ వచ్చింది కదా అని ఆగిపోవద్దు.